పంపులొచ్చే రోజు

అరఠావు కాగితం మీద గళ్ళు గీశాను.
అడ్డంగా రోజులు, నిలువుగా మనుషులు.
అయిదుగురం. కంప్యూటర్ భాషల మీద ఒక పుస్తకం,
జిరాక్సు తీయించి స్పైరల్ బైండింగు వేయించింది,
పదకొండు అధ్యాయాలు.
వారానికొకటి అనుకున్నాం
ఒంగోల్లో, కొత్తపట్నం బస్టాండు దగ్గర నిలబడి,
టీ చల్లారకముందే.
ఎంత తేలిగ్గా అనుకున్నామో.

మాల్యాద్రి చీమకుర్తిలో రాయి కోసే మిషను మీద ఉంటాడు.
ఒక వారం పగలు, ఒక వారం రాత్రి,
వచ్చే వారం ఏదో శనివారం దాకా సూపర్‌వైజర్‌కే తెలీదు.
చెవిలో రంపం ఇంకా తిరుగుతూనే ఉంటుందేమో
మామూలు మాటే అరిచి చెప్తాడు.
ఫోన్లో అతని "కుదరదన్నా"
మా ఇంట్లో అందరికీ వినపడింది.

ఖాజావలికి రొయ్యల చెరువులు.
మేత వేసిన రెండు గంటలకి చెక్‌ట్రే లాగి చూడాలి.
అమావాస్యకీ పున్నమికీ రొయ్య పొర విడుస్తుంది,
ఆ రాత్రులు గట్టు దిగడు.
"నా క్యాలెండరు మీ గోడకుండేది కాదు భాయ్" అన్నాడు.

సువార్త వాళ్ళది గద్దలగుంట.
ఆ సందులో మూడు రోజులకోసారి పంపులొస్తాయి.
ఆ రోజు ఆమె గడప దాటదు,
పెళ్ళయినా, ప్రేయరయినా.
అది సోమవారమూ కాదు, బేస్తవారమూ కాదు,
వారంతో పనిలేకుండా జరుగుతూ పోయే రోజు.

ఇక పిచ్చయ్య గారు. కరెంటాఫీసులో రిటైరయ్యారు,
బిల్లుల కోసం నేర్చిన పాత భాష ఇంకా నోటికొచ్చు.
"నాదేముందయ్యా, ఎప్పుడైనా సరే."
ఎప్పుడైనా సరే అనే మాటకి
గళ్ళ కాగితంలో చోటు దొరకదు.
ఆయన వరస ఖాళీగా వదిలేశాను,
కాసేపటికి చూస్తే
ఎవరూ పిలవని మనిషి వరసలా ఉంది.

రాత్రి కూర్చుని లెక్క కట్టాను.
పంపులకి మూడు, వారానికి ఏడు, చంద్రుడికి పదిహేను.
ఆరో తరగతిలో దెబ్బలు తిని నేర్చుకున్న క.సా.గు.
నూట అయిదు.
నూట అయిదు రోజులకోసారి కలిస్తే
పుస్తకం అయ్యేసరికి మూడేళ్ళ రెండు నెలలు.
అప్పటికి ఆ భాషల్లో ఎన్ని బతికుంటాయో.

"తప్పు," అంది సువార్త కాగితం చూసి.
"నువ్వు కట్టింది అడ్డాలన్నీ ఒకే రోజు పడే లెక్క.
మనుషులు కలిసే లెక్క వేరే."
పెన్ను తీసుకోలేదు, చెయ్యి తడిగా ఉంది.
"పంపులొచ్చే రోజే పెట్టండి. మా వాకిట్లో.
తెల్లారి నాలుగున్నరకి. రెండు డ్రమ్ములు, పద్నాలుగు బిందెలు,
నిండేదాకా నేనెటూ పోలేను.
మీరు చదవండి, నేను వింటా.
రానోళ్ళ కోసం ఆగొద్దు."

మొదటి రోజు సందంతా చీకటి.
పిచ్చయ్య గారు మఫ్లరు చుట్టుకుని
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నారు,
మూడున్నర నుంచీ అట.
ఖాజావలి ల్యాబుకి పోతూ ఆగాడు,
చంకలో చెరువు నీళ్ళ సీసా.
మాల్యాద్రి రాలేదు. ఆగలేదు.

పక్కింటామె వరసలో బిందె పెడుతూ అడిగింది,
"ఏం భాషమ్మా నేర్చుకునేది?"
"మిషనుకి చెప్పేది పిన్నీ.
చుక్క తేడా వచ్చినా వినదు."
"అట్టయితే ముందు
మునిసిపాలిటీకి చెప్పే భాష ఏదన్నా ఉంటే చూడండి."

ఆ పూట పాఠం
అడిగేదాకా ఏ లెక్కా కట్టని భాష గురించి.
ఫోను వెలుతుర్లో పిచ్చయ్య గారు వేలు పెట్టి చదువుతున్నారు.
పంపు రెండుసార్లు దగ్గింది.
ముందు ఎర్రనీళ్ళు. వదిలేయాలి.
తర్వాతే బిందె.
ఇత్తడిలో ధార మోగుతుంటే
ఆయన చదవడం ఆపలేదు,
గొంతు పెంచారు.